ఇంటర్ నుంచి ఇంజనీరింగ్‌కు: మొదటి ఏడాది పిల్లలకు అండగా ఉండటం ఎలా?

ఇంటర్మీడియట్ రెండేళ్లూ రెసిడెన్షియల్ కాలేజీలో చదివిన పిల్లలకు తెల్లవారుజామున ఎన్నింటికి లేవాలో, ఏ స్టడీ అవర్‌లో ఏ సబ్జెక్టు పట్టుకోవాలో, ఇంటికి ఫోను ఎప్పుడు చేసుకోవచ్చో అన్నీ ఇంకొకరే నిర్ణయించి పెడతారు. అదే పిల్లలు కొద్ది నెలల తేడాతో బీటెక్ హాస్టల్లో అడుగు పెట్టేసరికి, సాయంత్రం క్లాసులు అయిపోయాక ఏం చేస్తున్నారని అడిగేవారు ఉండరు. మొదటి ఏడాదిలో వెనకబడేవారిలో ఎక్కువమందికి తెలివి లోటు ఉండదు. తమ రోజును తామే నడుపుకునే అవకాశం అప్పటిదాకా వారికి ఎవరూ ఇచ్చి ఉండరు. అందువల్ల తల్లిదండ్రులుగా మీరు ఈ ఏడాది ఒక్కొక్క బాధ్యతను అదను చూసి వారి చేతికి అప్పగించాలి. హాజరు, ఆరోగ్యం, డబ్బు, మనసు అనే నాలుగింటి మీద మాత్రం చూపు తప్పకుండా ఉంచాలి. ఏది ఎప్పుడు అప్పగించాలో, ఏది ఎలా గమనించాలో కాలేజీ క్యాలెండర్ వరుసలో కింద వివరిస్తున్నాను. ఉదాహరణలు ఇంజనీరింగ్ కాలేజీలవే అయినా డిగ్రీ, ఫార్మసీ విద్యార్థుల ఇళ్లలో కూడా వీటిలో చాలా భాగం పనికివస్తుంది.

1. చేరకముందే: కాగితాలు, ఖాతా, ఫోను

కౌన్సెలింగ్‌లో సీటు వచ్చిన రోజు నుంచే సర్టిఫికెట్ల ఫైలును పిల్లల చేతికి ఇవ్వండి. పదో తరగతి మెమో, ఇంటర్ మెమో, టీసీ, స్టడీ సర్టిఫికెట్లు, కుల ధ్రువీకరణ, ఆదాయ ధ్రువీకరణ పత్రాలలో ఏది ఎందుకు అడుగుతారో వారికి తెలియాలి. అన్నిటినీ వారి చేతనే స్కాన్ చేయించి, రెండు మూడు జెరాక్స్ సెట్లు తీయించి, ఒకటి ఇంట్లో ఉంచుకోండి. ఒరిజినల్స్ తమ దగ్గరే ఉంచుకుంటామని కాలేజీ అంటే, పరిశీలించి తిరిగి ఇచ్చేయాలని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018లో స్పష్టంగా నోటిఫికేషన్ ఇచ్చిన సంగతి మర్యాదగా గుర్తుచేయవచ్చు.

ఈ దశలో అన్నిటికంటే ముఖ్యమైన పని పేర్లు సరిచూసుకోవడం. పదో తరగతి మెమోలో ఇంటిపేరు పూర్తిగా ఉండి, ఆధార్‌లో ఒక అక్షరం మాత్రమే ఉంటే, లేదా పుట్టిన తేదీలో తేడా ఉంటే, ఫీజు రీయింబర్స్‌మెంట్ దరఖాస్తు దగ్గర పని ఆగిపోతుంది. తెలంగాణలో ఈపాస్, ఆంధ్రప్రదేశ్‌లో జ్ఞానభూమి పోర్టళ్లలో దరఖాస్తు తెరిచాక మీసేవ చుట్టూ, బ్యాంకు చుట్టూ తిరగడం కంటే కాలేజీ తెరవకముందే ఆధార్‌ను సరిచేయించుకోవడం చాలా తేలిక. స్కాలర్‌షిప్ పడవలసిన బ్యాంకు ఖాతాకు ఆధార్ అనుసంధానం అయిందో లేదో కూడా అప్పుడే అడగండి. పిల్లలకు 18 ఏళ్లు నిండకపోతే ఆ ఖాతా మైనర్ ఖాతాగానే ఉంటుంది. నిండిన వెంటనే మళ్లీ కేవైసీ ఇచ్చి మార్పించుకోకపోతే సరిగ్గా పరీక్ష ఫీజు కట్టవలసిన వారంలోనే లావాదేవీలు నిలిచిపోయే ప్రమాదం ఉంది.

ఇక ఫోను. రెండేళ్లు ఫోను ముట్టనివ్వని కాలేజీ నుంచి బయటికి వచ్చిన పిల్లలకు కొత్త స్మార్ట్‌ఫోన్ కొనిచ్చి, మర్నాడే హాస్టల్లో దింపి రావడం మంచిది కాదు. కనీసం నెల రోజులు ఇంట్లో మీ కళ్లెదుట వాడనివ్వండి. రాత్రి ఎంతసేపటిదాకా చూస్తున్నారో, పొద్దున ఎలా లేస్తున్నారో వారే గమనించుకునే వ్యవధి దొరుకుతుంది. ఆ నెలలోనే బట్టలు ఉతుక్కోవడం, ఒంటరిగా బస్సెక్కి వేరే ఊరు వెళ్లి రావడం, జ్వరం వస్తే ఏ మాత్ర ఎంత వేసుకోవాలో, ఎప్పుడు డాక్టరు దగ్గరికి వెళ్లాలో తెలుసుకోవడం కూడా జరగాలి. ఇవన్నీ అబ్బాయిలకూ నేర్పవలసినవే అని ప్రత్యేకంగా చెప్పవలసి రావడమే విచారకరం.

హాస్టల్లో కాకుండా ఇంటి నుంచే వెళ్లి వచ్చే పిల్లల విషయంలో ప్రయాణం లెక్క వేయండి. హైదరాబాద్‌లో ఒక మూల ఇల్లు, ఘట్‌కేసర్ వైపో ఇబ్రహీంపట్నం వైపో కాలేజీ అయితే రానూపోనూ రోజుకు మూడు గంటలు బస్సులోనే గడిచిపోవచ్చు. సాయంత్రం ఇంటికి చేరిన గంటసేపటి వరకు చదువు ఊసెత్తకండి.

2. మొదటి మూడు వారాలు

కొత్తగా చేరినవారికి మూడు వారాల ఇండక్షన్ (కాలేజీకి అలవాటు చేసే) కార్యక్రమం నిర్వహించాలని, సాంకేతిక విద్యను పర్యవేక్షించే ఏఐసీటీఈ కాలేజీలకు నిర్దేశించింది. పాఠాలు మొదలుకాని ఆ రోజుల్లో హాస్టల్లో ఉండి ఏం లాభం, ఇంటికి వచ్చేయమని కొందరు తల్లిదండ్రులే పిలిపిస్తారు. అలా చేయకండి. స్నేహాలు కుదిరేది, మెంటర్ (బాగోగులు చూసే అధ్యాపకుడు) ఎవరో తెలిసేది, లైబ్రరీ కార్డు చేతికి వచ్చేది ఆ రోజుల్లోనే.

ఫోను ఎన్నిసార్లు చేయాలన్నది పిల్లలతో ముందే మాట్లాడుకోండి. రోజుకు ఒకసారి, ఇద్దరికీ వీలైన వేళ సరిపోతుంది. అమ్మాయికి రోజుకు నాలుగుసార్లు, అబ్బాయికి వారానికి ఒకసారి ఫోను చేసే ఇళ్లు మనలో చాలా ఉన్నాయి. బాధను బయటికి చెప్పుకోవడం అలవాటు లేని అబ్బాయిలకే ఆ ఫోను ఎక్కువ అవసరమని నా అభిప్రాయం. ఇక ఆ ఫోనులో సాగే మాటలు సాధారణంగా ఇలా ఉంటాయి: “తిన్నావా?” “తిన్నా.” “ఏం కూర?” “ఏదో.” “చదువుతున్నావా?” “ఆఁ.” “సరే, పడుకో.” ఒక్క ముక్కలో జవాబు చెప్పి తప్పించుకోగలిగిన ప్రశ్నలు అడిగినంతకాలం మీకు ఏమీ తెలియదు. “మీ గదిలో వాళ్లది ఏ ఊరు?”, “ఇవాళ ల్యాబ్‌లో ఏం చేయించారు?”, “ఆదివారం మెస్ మూసేశాక ఎక్కడికి వెళ్లారు?” అని అడిగితే నాలుగు మాటలు దొర్లుతాయి. ఆ మాటల్లో రెండు మూడు పేర్లు పదేపదే వినిపిస్తున్నాయంటే తోడు దొరికిందని అర్థం. నెల దాటినా ఒక్క పేరూ వినిపించకపోతే మీరు ఒకసారి వెళ్లి చూసి రావడం మేలు.

రెండో వారంలోనో మూడో వారంలోనో “నాన్నా, నేనిక్కడ ఉండలేను, వచ్చి తీసుకెళ్లు” అనే ఫోను రావచ్చు. వెంటనే బయలుదేరకండి, అలాగని “లక్షలు కట్టాం, సర్దుకోవాలి” అని నోరు మూయించకండి. ఏం జరిగిందో పూర్తిగా చెప్పనివ్వండి. తిండి పడటం లేదా, గదిలో వారితో కుదరడం లేదా, ఇంగ్లిషులో పాఠం అర్థం కావడం లేదా, ఇంటి మీద బెంగా, లేక ఎవరైనా భయపెడుతున్నారా అన్నది విడదీసి అడగండి. మొదటి నాలుగూ అయితే మొదటి మిడ్ (సెమిస్టరు మధ్యలో పెట్టే) పరీక్షల దాకా ఉండి చూద్దామని, అప్పటికీ ఇలాగే ఉంటే కూర్చుని మాట్లాడుకుందామని ఒక గడువు పెట్టండి. ఆ గడువు వచ్చినప్పుడు నిజంగానే మాట్లాడండి.

అయిదోది అయితే మాత్రం గడువు ఉండదు. ర్యాగింగ్‌ను ఉమ్మడి రాష్ట్రంలో 1997 నాటి చట్టమే నేరంగా నిర్ణయించింది. యూజీసీ 2009 నిబంధనల ప్రకారం ప్రతి కాలేజీలో ర్యాగింగ్ నిరోధక కమిటీ ఉండాలి. నేరం జరిగిందని తేలితే సమాచారం అందిన 24 గంటల్లోగా సంస్థ అధిపతి ఎఫ్ఐఆర్ నమోదు చేయించాలి. చేరేటప్పుడు మీరూ మీ పిల్లలూ సంతకం చేసిన అండర్‌టేకింగ్ ఆ నిబంధనల నుంచి వచ్చినదే. జాతీయ హెల్ప్‌లైన్ 1800-180-5522 నంబరును చేరిన రోజే పిల్లల ఫోనులో సేవ్ చేయించండి. ఫిర్యాదును ప్రిన్సిపాల్‌కు నోటిమాటగా చెప్పి ఊరుకోకుండా, రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోండి. “సీనియర్లతో పరిచయాలు ఇలాగే ఉంటాయి, మా రోజుల్లోనూ జరిగేవి” అని మీ ఇంట్లో పెద్దవారెవరైనా తేలిక చేస్తే ఆ మాట పిల్లల చెవిన పడకుండా చూడండి.

3. హాజరు లెక్క

మార్కుల కంటే ముందు అడగవలసింది హాజరు గురించి. జేఎన్‌టీయూ నిబంధనల ప్రకారం సెమిస్టరులో అన్ని సబ్జెక్టులూ కలిపి 75 శాతం హాజరు ఉండాలి. 65 నుంచి 75 శాతం మధ్య ఉన్నవారు తగిన కారణం, ఆధారం చూపించి, రుసుము కట్టి కండొనేషన్ (హాజరు తగ్గినందుకు మినహాయింపు) కోరవచ్చు. 65 కంటే తగ్గితే డిటెన్షన్ తప్పదు, అంటే ఆ సెమిస్టరు పరీక్షలు రాయనివ్వరు, మళ్లీ ఆ సెమిస్టరు నడిచేటప్పుడు చేరవలసిందే. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కూ 75 శాతం హాజరే షరతు. స్వయంప్రతిపత్తి ఉన్న కాలేజీలు, ప్రైవేటు యూనివర్సిటీలు తమ సొంత నిబంధనలు పెట్టుకుంటాయి కనుక, కాలేజీ ఇచ్చిన రెగ్యులేషన్స్ పుస్తకంలో హాజరు పేజీని పిల్లల చేత చదివించుకుని వినండి.

సెమిస్టరులో 90 పనిదినాలు ఉన్నాయనుకుంటే 75 శాతం నిలవాలంటే 22 రోజులకు మించి మానకూడదు. వినడానికి ఎక్కువగానే అనిపిస్తుంది. క్లాసులు మొదలయ్యేదేమో వానాకాలం. డెంగీయో టైఫాయిడో వస్తే పది పన్నెండు రోజులు మంచానికే పోతాయి. దసరా సెలవులకు ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు, మేనమామ కూతురి పెళ్లికి నాలుగు రోజులు, ఊళ్లో జాతరకు రెండు రోజులు కలిపితే లెక్క అంచుకు వచ్చేస్తుంది. ఇందులో జ్వరం తప్పిస్తే మిగతా సెలవులన్నీ మనం పెట్టించినవే. కాబట్టి మొదటి ఏడాది పెళ్లిళ్లకు పిల్లలు రారని బంధువులకు ముందే చెప్పేయండి, నిష్ఠూరం మీరే భరించండి. జబ్బు చేసినప్పుడు డాక్టరు చీటీ, పరీక్షల రిపోర్టులు, మందుల బిల్లులు దాచి, కోలుకుని వెళ్లిన రోజే మెంటర్‌కు అందజేయమనండి. సెమిస్టరు చివర్లో తెచ్చిన మెడికల్ సర్టిఫికెట్‌ను ఎవరూ సులువుగా నమ్మరు.

చాలా కాలేజీలు గైర్హాజరైన రోజు తల్లిదండ్రులకు సందేశం పంపుతాయి. సందేశం రాగానే తిట్టడానికి ఫోను చేయడం కంటే, పదిహేను రోజులకోసారి హాజరు శాతం చూసి వారే మీకు చెప్పాలని ఒప్పందం చేసుకోవడం మేలు. చెప్పిన అంకె, పోర్టల్లో కనిపించే అంకె ఒకటే అయినంతకాలం మీరు జోక్యం చేసుకోవలసిన పని లేదు.

4. మొదటి మిడ్ పరీక్షలు

ఇంటర్‌లో వెయ్యికి 950 తెచ్చుకున్న పిల్లలు మొదటి మిడ్‌లో సగం మార్కులు కూడా తెచ్చుకోలేకపోవడం ప్రతి కాలేజీలోనూ జరిగేదే. ముందుగా మార్కుల పద్ధతి తెలుసుకోండి. జేఎన్‌టీయూ హైదరాబాద్‌లో 2022లో చేరినవారితో మొదలైన ఆర్22 నిబంధనల్లో ప్రతి థియరీ సబ్జెక్టుకు 40 మార్కులు ఇంటర్నల్స్ (మిడ్‌లు వగైరా), 60 మార్కులు సెమిస్టరు పరీక్ష. ఆంధ్రప్రదేశ్ జేఎన్‌టీయూలలో 2023లో మొదలైన ఆర్23లో అవి 30, 70గా ఉంటాయి. సెమిస్టరులో రెండు మిడ్‌లు ఉంటాయి కాబట్టి మొదటిదాంట్లో తగ్గితే రెండోదాంట్లో కొంత పూడ్చుకోవచ్చు.

తగ్గడానికి కారణం సబ్జెక్టుల స్వభావంలోనే ఉంది. గణితం, భౌతిక శాస్త్రం, రసాయన శాస్త్రం పేర్లు పాతవే అయినా ఇంపార్టెంట్ ప్రశ్నల జాబితాలు, వారాంతపు పరీక్షలు ఉండవు. సీ ప్రోగ్రామింగ్ చాలామందికి పూర్తిగా కొత్త. ఇంజనీరింగ్ డ్రాయింగ్ సంగతి మరీ విచిత్రం. బల్లకు డ్రాఫ్టర్ బిగించి, షీటు చుట్టూ గీతలు కొట్టి, ఒక బిందువు మొదటి పాదంలో ఉంటే దాని ముందు చూపు ఎక్స్‌వై గీతకు పైన, పై చూపు గీతకు కింద ఎందుకు పడుతుందో కంటి ముందు ఊహించుకోవాలి. రెండేళ్లపాటు ఫార్ములాలు వల్లె వేసిన పిల్లవాడికి ఇక్కడ వల్లె వేయడానికి ఏమీ దొరకదు. గీసిన షీటు తప్పని చెరిపేసి మళ్లీ గీయవలసి వచ్చినప్పుడు తనకు చదువే రాదని అనుకుంటాడు. ఇంటికి వచ్చినప్పుడు ఆ షీటు తెచ్చి చూపించమనండి. మీకు డ్రాయింగ్ తెలియకపోయినా ఫర్వాలేదు. ఒక గీత ఎందుకు అక్కడ పడిందో మీకు వివరించే ప్రయత్నంలో సగం అర్థమైనది పూర్తిగా అర్థమవుతుంది.

మార్కులు తగ్గాయని తెలిసిన మరుక్షణం ట్యూషన్ వెతకకండి. “ఏ సబ్జెక్టు అర్థం కావడం లేదు, ఎవరిని అడిగావు?” అనే ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి నడవండి. ఎవరినీ అడగలేదంటే, క్లాసు అయిపోయాక సార్ దగ్గరికి వెళ్లి అడగడం తప్పు కాదని ఇంతవరకు వారికి ఎవరూ చెప్పలేదన్నమాట. మాస్టారి గదికి వెళ్లాలంటే జంకే పిల్లలకు ఒక చిన్న ఉపాయం ఉంది. అర్థం కాని లెక్కను కాగితం మీద తాము చేయగలిగినంతవరకు చేసి, ఆగిపోయిన చోట గీత గీసి, ఆ కాగితం పట్టుకుని వెళ్లమనండి. తెలుగు మాధ్యమం నుంచి వచ్చినవారైతే మొదటి సెమిస్టరులో వేగం తక్కువగా ఉండటం సహజమని మీరు ముందుగా నమ్మండి. టెక్స్ట్‌బుక్కులో రోజుకు రెండు పేజీలు, తెలియని మాటలకు పక్కన తెలుగులో అర్థం రాసుకుంటూ చదివితే రెండో సెమిస్టరుకు తేడా కనిపిస్తుంది.

5. డబ్బు

మొదటి రెండు నెలలు ఖర్చుల డబ్బును వారానికి ఒకసారి, ఆ తర్వాత నెలకు ఒకసారి వేయండి. నెల మధ్యలో అయిపోయిందని అడిగితే ఇవ్వండి, కానీ దేనికి ఎంత అయిందో రాసి పంపమనండి. యూపీఐ హిస్టరీ చూసి రాయడానికి పది నిమిషాలు పట్టదు. జెరాక్సులు, రికార్డులు, డ్రాయింగ్ సామాన్లు, ల్యాబ్ కోటు లాంటివాటికి మొదటి నెలలో మీ అంచనాకు మించి అవుతుందని తెలుసుకుని ఉండండి.

లోన్ యాప్‌లు, పందాల యాప్‌ల గురించి చేరకముందే విప్పి చెప్పాలి. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లోనే, ఆంధ్రప్రదేశ్ 2020లోనే చట్టపరంగా నిషేధించాయి. అయినా హాస్టల్ గదుల్లోకి అవి ఏదో ఒక దారిన వస్తూనే ఉన్నాయి. చిన్న అప్పు తీసుకున్న పిల్లలు ఫోటోలు మార్చి పంపుతామనే బెదిరింపులకు భయపడి ఇంకో యాప్‌లో అప్పు చేస్తారు. ఇంట్లో చెప్పుకోలేకపోవడమే ఆ ఊబిలో అసలు ప్రమాదం. “ఎంత పెద్ద తప్పు చేసినా, ఎంత డబ్బు పోయినా ముందు నాకు చెప్పు, తిట్టేది ఉంటే తర్వాత తిడతాను” అని మామూలు రోజునే అనండి. డబ్బు పోయిన వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోను చేయాలని కూడా చెప్పండి.

6. పండగకు ఇంటికి వచ్చినప్పుడు

దసరాకు వచ్చిన పిల్లలను మొదటి రోజు నిద్రపోనివ్వండి. చుట్టాలు “ఏ బ్రాంచి? ప్లేస్‌మెంట్లు ఎలా ఉన్నాయి?” అని అడిగినప్పుడు జవాబు మీరే చెప్పి మాట మార్చేయండి.

7. మొదటి సెమిస్టరు ఫలితాలు

ఒకటో రెండో సబ్జెక్టులు పోతే బ్యాక్‌లాగ్‌లు అంటారు. వాటిని సప్లిమెంటరీలో రాసుకోవచ్చు. రీకౌంటింగ్, రీవాల్యుయేషన్‌లకు గడువు తక్కువ ఉంటుంది కాబట్టి, ఫలితాలు వచ్చిన రోజే తేదీలు చూసుకోమనండి. కంపెనీల్లో చాలావరకు చూసేది నియామకాల నాటికి మిగిలి ఉన్న బ్యాక్‌లాగ్‌లనే. మొదటి ఏడాదిలో పోయి తర్వాత పాసైన సబ్జెక్టు భవిష్యత్తును మూసేయదు. రెండో ఏడాదికి వెళ్లాలంటే మాత్రం క్రెడిట్ల (పాసైన సబ్జెక్టులకు వచ్చే పాయింట్ల) నియమం ఉంటుంది. జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22లో మొదటి ఏడాది 40 క్రెడిట్లకు కనీసం 20 వచ్చి ఉండాలి. మీ పిల్లల కాలేజీ నియమం ఏమిటో చూసి, ఇప్పటికి ఎన్ని వచ్చాయో, ఇంకా ఎన్ని కావాలో ఇద్దరూ కలిసి కాగితం మీద రాయండి. పోయిన సబ్జెక్టు గురించి అరగంట మాట్లాడిన తర్వాత ఆ ప్రస్తావనను ఆ రోజుకు ఆపేయాలి. అన్నం తినేటప్పుడు మళ్లీ ఎత్తకూడదు.

8. మనసు బాగోలేదనిపిస్తే

బెంగ వేరు, కుంగుబాటు వేరు. బెంగ పెట్టుకున్న పిల్లలు ఏడుస్తారు, ఫోను చేస్తారు, ఇంటికి రావాలంటారు. కుంగుబాటులో ఉన్నవారు తరచుగా మాటలు తగ్గించేస్తారు. ఫోను ఎత్తరు, మెస్‌కు వెళ్లడం మానేస్తారు, పగలంతా పడుకుని రాత్రంతా మేలుకుంటారు, ఇష్టమైన ఆటనో పాటనో కూడా వదిలేస్తారు. ఇలా రెండు వారాలు గడిస్తే ఫోనులో ఓదార్చడంతో సరిపెట్టకుండా నేరుగా వెళ్లండి. బయటికి తీసుకెళ్లి, తినిపించి, తీరిగ్గా అడగండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగడానికి భయపడకండి. అడగడం వల్ల లేని ఆలోచన పుట్టదు. లోపల ఉన్న ఆలోచన మాత్రం బయటికి వస్తుంది. అవునంటే ఒంటరిగా వదలకండి, ఆ రోజే మానసిక వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో ఏ వేళలోనైనా దొరుకుతుంది, తెలుగులోనూ మాట్లాడవచ్చు. పిల్లలకే కాదు, ఎలా మాట్లాడాలో తోచని తల్లిదండ్రులకు కూడా అది పనికివస్తుంది. వైద్యం కోసం సెమిస్టరు వదులుకోవలసి వస్తే వదులుకోండి. చేరిన సెమిస్టరును మళ్లీ చదవడానికి నిబంధనల్లోనే దారి ఉంది.

9. రెండో సెమిస్టరు: మిగిలినవి అప్పగించడం

జనవరి, ఫిబ్రవరి నాటికి కాలేజీతో నేరుగా మాట్లాడే అలవాటును మీరు దాదాపు మానుకోవాలి. పరీక్ష ఫీజు గడువు గుర్తుంచుకోవడం, హాస్టల్లో గది మార్చమని కోరడం, మెంటర్‌కు సెలవు చీటీ ఇవ్వడం ఇకపై వారి పనులే. ఒక గడువు దాటి ఆలస్య రుసుము పడితే వారి ఖర్చుల డబ్బులోంచే కట్టనివ్వండి. వేసవిలో ఏం చేయాలన్నది, బ్యాక్‌లాగ్ చదువుకోవడమా, ఏదైనా కోర్సు నేర్చుకోవడమా, ఊరికే విశ్రాంతి తీసుకోవడమా అన్నది, వారినే ఆలోచించి చెప్పమనండి. రెండో ఏడాది స్కాలర్‌షిప్ రెన్యువల్ దరఖాస్తును పోర్టల్ తెరిచిన మొదటి వారంలోనే వారి చేత నింపించండి. మీరు ఆదాయ ధ్రువీకరణ పత్రం మాత్రం సకాలంలో తెచ్చి ఇవ్వండి, ఎందుకంటే తహసీల్దార్ కార్యాలయం ఉన్నది మీ ఊళ్లోనే.